విశాఖ తీరంలో కురుసుర: లోపలికి దిగి చూడవలసిన జలాంతర్గామి

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలిపిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామిని, పాత వాహనాలనూ యంత్రాలనూ ప్రజలకు చూపించే ప్రదర్శనశాలల్లో మన దేశంలోనే మొదటి వరుసలో ఉంచవచ్చునని నా నిశ్చితాభిప్రాయం. ప్రదర్శనకు పెట్టిన యంత్రం అనగానే మనకు అలవాటైన తీరు ఒకటుంది. పనిచేసిన చోటు నుంచి ఊడదీసి, కొత్త రంగు పూసి, గద్దె మీదికెక్కించి, చుట్టూ గొలుసు కట్టి, పేరూ తయారైన సంవత్సరమూ రాసిన పలక ఒకటి పక్కన పెడతారు. మనం చుట్టూ ఒకసారి తిరిగి, ఫోటో తీసుకుని, అది ఏ పని ఎలా చేసేదో తెలియకుండానే వచ్చేస్తాం. కురుసుర దగ్గర అలా జరగదు. ఇక్కడ చూడవచ్చినవారు యంత్రం కడుపులోకే వెళ్తారు. ముందు భాగంలో ప్రవేశించి, ఒక్కొక్క గదీ దాటుకుంటూ, వెనుక భాగంలో బయటపడతారు. దారిలో కనిపించే గొట్టాలు, వాల్వులు, నావికులు పడుకునే బంకులు, వంటగది, ఇంజన్లు అన్నీ అవి పనిచేసిన చోటనే ఉన్నాయి. దేని పక్కన ఏది ఎందుకుందో గమనిస్తూ నడిస్తే చాలు, ఈ యంత్రం బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి.

కురుసుర కథ సోవియట్ యూనియన్‌లో మొదలవుతుంది. భారత నౌకాదళానికి జలాంతర్గామి విభాగం ఏర్పడింది 1967 డిసెంబర్‌లో, కల్వరి అనే మొదటి జలాంతర్గామి రాకతో. నాటో దేశాలు ఫాక్స్‌ట్రాట్ అని పేరు పెట్టిన సోవియట్ తరగతికి చెందిన నాలుగింటిని మొదటి విడతలో కొన్నారు. కల్వరి, ఖండేరి, కరంజ్ తరువాత నాలుగోది కురుసుర. 1969 డిసెంబర్ 18న, ఇప్పటి లాత్వియా రాజధాని రీగాలో అది మన నౌకాదళంలో చేరింది. మరుసటి ఏడాది స్వదేశానికి బయల్దేరినప్పుడు దానికి దగ్గరి దారి లేదు. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తరువాత సూయజ్ కాలువ మూతబడి ఉంది, 1975 దాకా తెరుచుకోలేదు. అందువల్ల బాల్టిక్ సముద్రం నుంచి అట్లాంటిక్ మీదుగా ఆఫ్రికా ఖండాన్ని మొత్తం చుట్టి హిందూ మహాసముద్రంలోకి రావలసి వచ్చింది. కొత్త యంత్రం, కొత్తగా శిక్షణ పొందిన సిబ్బంది, మొదటి ప్రయాణమే ఖండం చుట్టూ తిరిగి రావడం! లోపలి ఇరుకును కళ్లారా చూసిన తరువాత ఈ ప్రయాణాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ తరువాత 31 ఏళ్ల సేవలో అది 73,500 నాటికల్ మైళ్లు ప్రయాణించి, 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది.

విధుల నుంచి తప్పుకున్న యుద్ధనౌకలు మామూలుగా తుక్కు కొట్టుకు వెళ్తాయి. కురుసుర ఆ దారి పట్టకుండా, దాన్ని ప్రదర్శనశాలగా మార్చాలన్న ఆలోచన తూర్పు నౌకాదళ అధికారులలో పుట్టింది. నాటి విశాఖ నగరాభివృద్ధి సంస్థ బాధ్యత తీసుకుంది. సముద్రం నుంచి ఇప్పుడున్న చోటికి దూరం 600 మీటర్లు. ఆ 600 మీటర్ల పనికి 18 నెలలు పట్టింది, ఐదున్నర కోట్ల రూపాయలు ఖర్చయింది. 91 మీటర్ల పొడవు, నీటి మీద తేలుతున్నప్పుడే దాదాపు 1,950 టన్నుల బరువు గల ఉక్కు దేహాన్ని, కాలు పెడితే దిగబడే ఇసుక మీదుగా లాక్కుని వచ్చి, కాంక్రీటు పునాది మీద నిలబెట్టడం చిన్న విషయం కాదు. 2002 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు దీన్ని ప్రారంభించారు. దక్షిణాసియాలో ఇలాంటి ప్రదర్శనశాల ఇదే మొదటిది. నన్ను అడిగితే, ఇక్కడి మొదటి ప్రదర్శన ఆ పునాదే. లోపలికి వెళ్లే తొందరలో చాలామంది దాన్ని చూడరు. వెలుపల నిలబడి, కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, అప్పుడు మెట్లెక్కాలి.

వెలుపలి నుంచి కనిపించేది జలాంతర్గామి అసలు దేహం కాదన్న విషయం ముందుగా తెలుసుకుంటే లోపల చూసేది బాగా అర్థమవుతుంది. ఇది రెండు పొరల నిర్మాణం. లోతులోని నీటి ఒత్తిడిని తట్టుకునే గట్టి ఉక్కు గొట్టం లోపల ఉంటుంది. మనుషులూ యంత్రాలూ ఉండేది అందులోనే. దాని చుట్టూ నీటిలో సులభంగా సాగిపోయేలా మలిచిన వెలుపలి తొడుగు ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలోనే బ్యాలస్ట్ ట్యాంకులు ఉంటాయి. వాటి పై వాల్వులు తెరిస్తే గాలి బయటికి పోయి కింది నుంచి సముద్రపు నీరు నిండుతుంది, జలాంతర్గామి బరువెక్కి మునుగుతుంది. లోపల సీసాలలో అధిక ఒత్తిడితో నింపి దాచుకున్న గాలిని ట్యాంకులలోకి వదిలితే నీరు బయటికి తోసుకుపోయి అది పైకి తేలుతుంది. లోతు పది మీటర్లు పెరిగినప్పుడల్లా ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. కొన్ని వందల అడుగుల లోతున ప్రతి అంగుళం ఉక్కు మీద ఎంత భారం పడుతుందో ఈ లెక్కను బట్టి ఊహించవచ్చు. మన ఎడమచేతి పక్కనా కుడిచేతి పక్కనా గోడలంతా పాకిన గొట్టాలలో ఎన్నో ఈ గాలినీ నీటినీ అటూ ఇటూ పంపడానికి పెట్టినవే.

మొదట అడుగుపెట్టేది ముందు టార్పెడో గదిలోకి. టార్పెడో అంటే నీటి అడుగున దూసుకెళ్లి నౌకను పేల్చే ఆయుధం. ఎదురుగా ఆరు టార్పెడో గొట్టాల మూతలు కనిపిస్తాయి. వెనుక గదిలో మరో నాలుగు ఉన్నాయి. ఒక్కొక్క గొట్టం వ్యాసం 533 మిల్లీమీటర్లు. మొత్తం 22 టార్పెడోలను మోసుకెళ్లే సామర్థ్యం దీనికుండేది. టార్పెడోలకు బదులు 44 మైన్లను, అంటే నౌకల దారిలో పొంచి ఉండి పేలే బాంబులను, కూడా తీసుకెళ్లి సముద్రంలో పరచగలిగేది. ఏడు మీటర్లకు పైగా పొడవు, రెండు టన్నుల వరకూ బరువు ఉండే టార్పెడోను ఇంత ఇరుకు గదిలో కదిలించి గొట్టంలోకి ఎక్కించడం ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో ఇక్కడ నిలబడితేనే తెలుస్తుంది. ఆ గదిలోనే నావికులు పడుకునేవారు. నిద్రపోయేచోటికీ ఆయుధానికీ మధ్య చెయ్యి చాచినంత దూరం కూడా లేదు. ఇది ఏ ఫోటోలోనూ సరిగా కనిపించదు, ఎందుకంటే కెమెరా వెనక్కి జరగడానికి అక్కడ చోటుండదు.

ఒక గది నుంచి మరో గదిలోకి వెళ్లే దారిని కాసేపు ఆగి పరిశీలించాలని చదివేవారిని గట్టిగా కోరుతున్నాను. అది తలుపు కాదు. మందపాటి ఉక్కు గోడకు కోసిన గుండ్రని కంత. నేల నుంచి కాస్త ఎత్తులో ఉంటుంది. తల వంచి, ఒక కాలు ముందు అవతల పెట్టి, నడుము తిప్పి, రెండో కాలు లాక్కోవాలి. దానికి బిగించే గుండ్రని ఉక్కు మూత పక్కనే కీలు మీద వేలాడుతూ ఉంటుంది; మూసి బిగిస్తే నీరు చుక్క కూడా దాటకుండా అంచు అతుక్కుంటుంది. ఏదైనా ఒక గదిలోకి నీరు వస్తే మిగతావారిని కాపాడటానికి ఆ మూతను బిగించేయాలి, అవతల మనుషులు ఉన్నా సరే. దానికి ఎంత గుండె నిబ్బరం కావాలో గైడు చెప్పనక్కరలేదు, ఆ మూత మందాన్ని చేత్తో తడిమి చూస్తే తెలుస్తుంది. పిల్లలు దీన్ని ఆటలా దాటుతారు, పెద్దవారు కష్టపడి దాటుతారు. సెలవు రోజుల్లో వెనుక నుంచి వచ్చే వరుస నెడుతూ ఉంటుంది కాబట్టి ఎవరూ ఆగి చూడరు. అందుకే రద్దీ లేని రోజు వెళ్లమని చెబుతున్నాను.

ఇక ఈ యంత్రం అసలు రహస్యం మనం నడిచే నేల కింద ఉంది. కురుసుర డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి. వెనుక భాగంలోని గదిలో మూడు పెద్ద డీజిల్ ఇంజన్లున్నాయి. ఆ తరువాతి గదిలో విద్యుత్ మోటార్లున్నాయి. బయట మూడు ప్రొపెల్లర్లున్నాయి. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి, పొగ వదలడానికి దారి కావాలి. నీటి అడుగున రెండూ దొరకవు. కాబట్టి నీటి మీద ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు నడిపి, నేల కింద వరుసలుగా అమర్చిన వందలాది సీసపు బ్యాటరీ సెల్లులను ఛార్జి చేసుకుంటారు. మునిగిన తరువాత ఆ బ్యాటరీల మీద మోటార్లు తిరుగుతాయి. నీటి మీద 16 నాట్లు (అంటే గంటకు 16 నాటికల్ మైళ్లు), నీటి అడుగున 15 నాట్లు దీని గరిష్ఠ వేగమని చెబుతారు గానీ, అడుగున అంత వేగంతో వెళ్తే బ్యాటరీ త్వరగా ఖాళీ అయిపోతుంది. గంటల తరబడి, రోజుల తరబడి దాగి ఉండాలంటే మనిషి నడకంత నెమ్మదిగా కదలాలి. ఏదో ఒక సమయానికి పైకి రాక తప్పదు. కనీసం స్నార్కెల్ గొట్టాన్ని నీటి పైకి ఎత్తి గాలి పీల్చుకోక తప్పదు. శత్రువు వెతికేది సరిగ్గా ఆ క్షణం కోసమే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఈ ప్రదర్శనశాలే కాక, రోడ్డుకు అవతల ప్రదర్శనకు పెట్టిన, జలాంతర్గాములను వేటాడే టీయూ-142 విమానం కూడా అర్థమవుతుంది.

బ్యాటరీలు ఛార్జవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అది ఒక మోతాదు దాటి పేరుకుంటే చిన్న నిప్పురవ్వ చాలు. అలాంటి బ్యాటరీల మీదనే అధికారుల గదులూ, నావికుల బంకులూ, వంటగదీ ఉన్నాయి. ఎనిమిది మంది అధికారులు, 67 మంది నావికులు, మొత్తం 75 మంది ఇందులో ఉండేవారు. ఒక్క చిన్న వంటగదిలో అంతమందికీ వంట జరిగేది. మంచినీళ్లు తాగడానికీ వంటకూ సరిపెట్టుకోవలసిందే. స్నానం అన్నది సముద్రంలో ఉన్నన్నాళ్లూ మరచిపోవలసిన మాట. ఒకరు విధికి లేచి వెళ్తే ఆ బంకు మీద విధి ముగించుకుని వచ్చిన మరొకరు పడుకునేవారు. అక్కడక్కడ నావికుల వేషంలో బొమ్మలు నిలబెట్టారు. అవి పిల్లలకు నచ్చుతాయి. నాకు మాత్రం ఖాళీ బంకే ఎక్కువ చెప్పినట్టనిపించింది.

మధ్యలో ఉన్న కంట్రోల్ రూము దగ్గర మరొక కథ చెప్పుకోవాలి, ఇది కురుసుర కథ కాకపోయినా. 1962 అక్టోబర్‌లో క్యూబా క్షిపణుల సంక్షోభం ముదిరినప్పుడు సోవియట్ యూనియన్ ఇదే తరగతికి చెందిన నాలుగు జలాంతర్గాములను కరీబియన్ వైపు పంపింది. ఉత్తర ధ్రువ ప్రాంతపు చలి కోసం తయారైన ఆ యంత్రాలు ఉష్ణమండల సముద్రంలో లోపల కొలిమిలా కాగిపోయాయి. వాటిలో ఒకటైన బి-59ను అక్టోబర్ 27న అమెరికా నౌకలు చుట్టుముట్టి, పైకి రమ్మని హెచ్చరికగా చిన్న పేలుడు గుళ్లు వేశాయి. బ్యాటరీ దాదాపు ఖాళీ, లోపల గాలి చెడిపోయింది, మాస్కోతో సంబంధం తెగిపోయింది. యుద్ధం మొదలైందో లేదో తెలియదు. ఆ జలాంతర్గామిలో అణు టార్పెడో ఒకటుంది. దాన్ని ప్రయోగించాలన్న ఆలోచనను అంగీకరించకుండా కెప్టెన్‌ను శాంతపరచిన అధికారి వాసిలీ అర్ఖీపోవ్. ఈ సంఘటనను చాలామంది చదివే ఉంటారు. కానీ ఇలాంటి కంట్రోల్ రూములో, పెరిస్కోపు గొట్టం పక్కన, భుజం భుజం రాసుకుంటూ నాలుగు నిమిషాలు నిలబడినప్పుడు, ఊపిరాడని వేడిలో, ఒకరి ముఖానికి ఒకరి ముఖం జానెడు దూరంలో ఉండగా, ఒక మనిషి తొందరపడకుండా ఉండగలిగాడన్న విషయం ఎంత పెద్దదో కొత్తగా తెలిసి వస్తుంది. కురుసురలో అణ్వాయుధాలు లేవు. గదులు మాత్రం దాదాపు అవే.

కురుసుర సొంత యుద్ధానుభవం 1971 నాటిది. పాకిస్తాన్‌తో యుద్ధం ప్రకటితం కాకముందే, నవంబర్ నెలలోనే, అది అరేబియా సముద్రంలో గస్తీకి వెళ్లింది. నిర్దేశించిన హద్దులు దాటకూడదు, ఎదుటి నౌక శత్రువుదేనని నిర్ధారణగా గుర్తించిన తరువాతే దాడి చేయాలి అన్న ఆంక్షల మధ్య పనిచేసింది. తటస్థ దేశాల వాణిజ్య నౌకలు తిరిగే సముద్రంలో అది అవసరమైన జాగ్రత్తే. కానీ పొంచి ఉండి దెబ్బ తీయడమే బలమైన యంత్రానికి అది చేతులు కట్టినట్టే. కురుసుర ఆ యుద్ధంలో ఏ నౌకనూ ముంచలేదు. ఈ మాట దాచవలసినదేమీ కాదు, జలాంతర్గామి చేసే పనిలో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. అది ఉందేమోనన్న అనుమానమే ఎదుటివారి దారి మళ్లిస్తుంది. అదే యుద్ధంలో డిసెంబర్ 9న పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని టార్పెడోతో ముంచినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకతోనే ఉండిపోయారు. ముందు గదిలోని టార్పెడో గొట్టాలను ఈ సంగతి తలచుకుంటూ చూస్తే, అవి ఒట్టి ఇనుప గొట్టాలుగా కనిపించవు.

విశాఖకు జలాంతర్గాములతో ఉన్న ముడి ఇంకా దగ్గరిది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ నగరపు నౌకాశ్రయం ముంగిట పేలి మునిగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో తయారైన ఆ జలాంతర్గామి మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు భద్రంగా తరలిపోయింది, దాని పేరుతో శత్రువును ఇటు మళ్లించే పని డెస్ట్రాయర్ రాజ్‌పుత్ చేసింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి అడుగున పేలే బాంబుల) వల్లనే ఘాజీ మునిగిందని మన నౌకాదళం చెబుతుంది, లోపలి పేలుడు వల్లనో తాను పరుస్తున్న మైన్ల వల్లనో మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. శిథిలాలు ఇంకా ఇక్కడి సముద్రం అడుగునే ఉన్నాయి. కురుసురకు దగ్గరలోనే, బీచ్ రోడ్డు మీదనే 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. కురుసుర చూసినవారు అక్కడికి నడిచి వెళ్లి, సముద్రం వైపు తిరిగి నిలబడితే, కంటికి కనిపించే నీటిలోనే మరో జలాంతర్గామి తన సిబ్బంది మొత్తంతో పడి ఉందన్న విషయం గుర్తుకు రావాలి. ఆ సిబ్బంది కూడా ఇలాంటి బంకుల మీదే పడుకున్నారు.

ఈ ప్రదర్శనశాలకు ప్రాణం గైడులు. వీరు నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. తెలుగులో అడిగితే తెలుగులో చెబుతారు, ఉత్తరాది కుటుంబం వస్తే హిందీలోకి మారిపోతారు. వాల్వు పేరు చెప్పి ఊరుకోరు. దాన్ని తిప్పడంలో ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చెబుతారు. ప్రశ్న వేసినవారికి వారి మాట ఎంత విప్పారుతుందో గమనించాను. ఏ గదిలో విధి నిర్వహించారు, మొదటిసారి నీటి అడుగుకు వెళ్లినప్పుడు ఎలా అనిపించింది, రాత్రి పగలు తేడా లోపల ఎలా తెలిసేది అని అడగండి. మన నౌకాదళంలోని చివరి ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి వాగ్లీ 2010 డిసెంబర్‌లోనే విధుల నుంచి తప్పుకుంది. ఈ యంత్రాలను చేత్తో నడిపిన తరం ఏటేటా తగ్గిపోతోంది, కొత్తవారు రారు. ఉక్కును నిలబెట్టినంత శ్రద్ధతో వీరి మాటలను కూడా, తెలుగులోనూ ఇతర భాషల్లోనూ, రికార్డు చేసి భద్రపరచాలని నాకు చాలా బలంగా అనిపిస్తుంది. ఏ గదిలో నిలబడితే ఆ గదిలో పనిచేసినవారి గొంతు వినిపించే ఏర్పాటు జరిగితే, ఇరవై ఏళ్ల తరువాత వచ్చే పిల్లలకు కూడా ఈ నడక ఇంతే విలువగా ఉంటుంది.

ఒడ్డున నిలబెట్టడం ఎంత మంచి నిర్ణయమో ఇతర దేశాల అనుభవం చూస్తే తెలుస్తుంది. ఇదే తరగతికి చెందిన జలాంతర్గాములను చాలా చోట్ల నీటిలో తేలుతూ ఉండగానే ప్రదర్శనకు పెట్టారు. అమెరికాలోని శాన్ డియెగోలో బి-39 ఏళ్ల తరబడి సందర్శకులను ఆకర్షించింది గానీ, ఉప్పునీటిలో తుప్పు పట్టి, 2022లో తుక్కుగా మారడానికి వెళ్లిపోయింది. రష్యాలోని కాలినిన్‌గ్రాద్‌లో బి-413 మాత్రం ఇంకా ఉంది. మన దగ్గర ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ ఉంది. ఘాజీ దేన్ని ముంచాలని విశాఖ దాకా వచ్చి తానే మునిగిందో, ఆ విక్రాంత్‌ను, 1971లో చిట్టగాంగ్, కాక్స్ బజార్ల మీదికి విమానాలు పంపిన ఆ నౌకను, విధుల నుంచి తప్పుకున్న తరువాత ముంబైలో కొన్నేళ్లు ప్రదర్శనశాలగా నడిపి, చివరికి 2014లో తుక్కుకు అమ్మేశారు. శత్రువుకు దొరకనిది మన చేతుల్లో నిలవలేదు. మరో విమానవాహక నౌక విరాట్ కూడా ఆ తరువాత గుజరాత్‌లోని అలంగ్ తీరంలో అదే దారి పట్టింది. విమానవాహక నౌకను నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు జలాంతర్గామికి అయ్యే ఖర్చు కంటే ఎన్నో రెట్లు ఎక్కువన్నది నిజమే. అయినా ఆ నష్టం నష్టమే. కురుసురకు కూడా ఉప్పుగాలి నుంచి తప్పించుకునే దారి లేదు. తీరంలో ఉన్న ఉక్కుకు ఎప్పటికప్పుడు గీకి రంగు వేస్తూనే ఉండాలి, తుప్పు పట్టిన రేకు మారుస్తూనే ఉండాలి. మనం కొనే టికెట్టు డబ్బు అందుకు ఉపయోగపడుతుందన్న ఆలోచనతో నేను సంతోషంగా కొంటాను. పండుగ సందర్భాల్లో పనిచేస్తున్న యుద్ధనౌకలను జెండాలతో అలంకరించే గౌరవం విశ్రాంత నౌకకు సాధారణంగా దక్కదు, కురుసురకు నౌకాదళం ఆ గౌరవం ఇస్తోంది.

రోడ్డు దాటితే టీయూ-142 విమాన ప్రదర్శనశాల. కురుసుర చూసి ఇది చూడకుండా వెళ్తే సగం కథే చూసినట్టు, ఎందుకంటే జలాంతర్గాములను వేటాడటానికి తయారైన విమానం ఇది. సోవియట్ యూనియన్ నుంచి 1988లో ఎనిమిది విమానాలు మన నౌకాదళానికి వచ్చాయి. మొదట గోవాలో, తరువాత తమిళనాడులోని అరక్కోణం దగ్గరున్న ఐఎన్‌ఎస్ రాజాళి స్థావరంలో ఉండేవి. 29 ఏళ్లలో 30,000 గంటలు ప్రమాదమేమీ లేకుండా ఎగిరి, 2017 మార్చి 29న విధుల నుంచి తప్పుకున్నాయి. అదే ఏడాది డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించారు. 53 మీటర్ల పొడవు, 50 మీటర్ల రెక్కల వెడల్పు గల విమానాన్ని విడదీసి, భాగాలను నగర వీధుల గుండా తీసుకొచ్చి, ఇక్కడ మళ్లీ బిగించారు. ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటి, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లుంటాయి. అలాంటి ఇంజన్లు నాలుగు. ప్రొపెల్లర్ విమానమైనా గంటకు 900 కిలోమీటర్లు దాటి వెళ్లగలిగేది. 1988 నవంబర్‌లో మాల్దీవులలో తిరుగుబాటును అణచడానికి మన సైన్యం వెళ్లినప్పుడు, ఈ విమానాలు సముద్రం మీద నిఘా పనిలో పాలుపంచుకున్నాయి.

పక్కనున్న హాలులో ప్రదర్శించిన సోనోబోయ్‌లను తప్పక చూడండి. చూపుకు మామూలు గొట్టాల్లా ఉంటాయి, చాలామంది దాటిపోతారు. విమానం నుంచి వీటిని పారాచూట్లతో సముద్రంలోకి జారవిడుస్తారు. నీటిని తాకగానే ఒక భాగం పైన తేలుతూ ఉంటుంది, నీటి శబ్దాలను వినే మైకు తీగతో కిందికి దిగుతుంది. అది విన్నది రేడియో ద్వారా పైన తిరుగుతున్న విమానానికి చేరుతుంది. పెద్ద ఉక్కు దేహం భూమి అయస్కాంత క్షేత్రంలో కలిగించే స్వల్పమైన మార్పును పసిగట్టే పరికరం విమానం తోక చివర ఉండేది. కురుసురలో గాలి కోసం స్నార్కెల్ ఎత్తక తప్పని ఇబ్బందిని చూసి వచ్చినవారికి, రాడార్‌తో ఆ చిన్న గొట్టాన్ని వెతికే ఈ విమానం పని వెంటనే అందుతుంది. రెండు ప్రదర్శనశాలలనూ జలాంతర్గామితో మొదలుపెట్టి ఈ వరుసలోనే చూడాలని నేను చెప్పేది అందుకే. నౌకాదళపు సీ హారియర్ యుద్ధవిమానమూ, యూహెచ్-3హెచ్ హెలికాప్టరూ కూడా ఈ చుట్టుపక్కలే ప్రదర్శనకు ఉన్నాయి. అవి చూడదగ్గవే అయినా, ఓపిక తగ్గితే వాటిని మరో రోజుకు వాయిదా వేసుకోవచ్చు, మొదటి రెండింటికీ తొందర పడకూడదు.

వెళ్లేవారికి కొన్ని సూచనలు. ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం తరువాత తెరుస్తారు కాబట్టి సమయాలు ముందుగా కనుక్కుని బయల్దేరండి. ఆదివారాలూ పండుగ సెలవులూ వద్దు. వారం మధ్యలో, తెరిచిన వెంటనే వెళ్తే గైడుతో నింపాదిగా మాట్లాడే వీలుంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఆ గుండ్రని కంతలు కష్టమే. చక్రాల కుర్చీ లోపలికి వెళ్లే అవకాశం లేదు, ఇది యంత్రం స్వభావం వల్ల వచ్చిన ఇబ్బంది. అలాంటివారికి టీయూ-142 హాలులో చూడటానికి చాలా ఉంది. ఇరుకు చోట్లంటే భయమున్నవారు ముందే ఆలోచించుకోవాలి, మధ్యలో వెనుదిరగడం వెనుక వచ్చేవారి వల్ల సాధ్యపడదు. వేసవి వద్దు, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లలకు ఇది బాగా ఎక్కుతుంది. బ్యాటరీ, పీడనం, తేలడం, మునగడం వంటివి బడిలో చదువుకున్న తరగతి పిల్లలైతే మరీ మంచిది. బయటికి వచ్చాక బీచ్‌లో ముంత మసాలా తింటూ కూర్చుని, వాళ్లు అడిగే ప్రశ్నలకు సమాధానాలు చెప్పడానికి ఇంకొక గంట చేతిలో పెట్టుకుని వెళ్లండి.